ఒకటో తరగతిలో వంటిల్లు

మా బడిలో ఒకటో తరగతికీ మూడో తరగతికీ మధ్య ఉన్న గోడ పైకప్పు దాకా వెళ్ళదు. ఇటుకలు అయిపోయాయని మేస్త్రీ చేతులు కడుక్కుని పోయాడట, నేను ఉద్యోగంలో చేరకముందు మాట. నేను మూడో తరగతి చెబుతాను. అవతలి గదిలో చీమ చిటుక్కుమన్నా నా చెవిన పడుతుంది. ఏళ్ళ తరబడి ఆ గోడ మీంచి నేను విన్నది ఒకటే మోత: వంద దాటిన పిల్లలు ఒక్క గొంతుతో "అ, ఎ, ఇ, ఒ, ఉ" అని అరవడం. అందులో సగం మందికి ఆ అరుస్తున్నదేమిటో తెలియదు. మిగతా సగం మంది నిద్రలో అరిచేవాళ్ళు.

తివోంగె మ్సిస్కా వచ్చాక ఆ మోత ఆగింది. ఇప్పుడామె మా ఊళ్ళో లేదు, బదిలీ మీద మళ్ళీ తన కొండలవైపు వెళ్ళిపోయింది. ఆమె వేయించిన మట్టి అరుగులు మాత్రం ఆ గదిలో ఉన్నాయి. వాటిని ఇప్పటికీ మా ఆడవాళ్ళే అలుకుతారు. ఒకప్పుడు ఆ గదిలోంచి తమ పిల్లల్ని ఈడ్చుకుపోయినవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

తివోంగె తుంబుకా తెగ మనిషి. మేం చేవా తెగవాళ్ళం. ఉత్తరాదివాళ్ళకు మాట సాగదీసే అలవాటుంది, మా ఆడవాళ్ళకు ఎదురుగా నిలబడి వెక్కిరించే అలవాటుంది. వచ్చిన మొదటి వారంలోనే బోరింగు దగ్గర పట్టుకున్నారు.

"ఏం మేడం, మీ ఊళ్ళో ఆడపిల్లని ఆవులిచ్చి తోలుకుపోతారటగా? మీకెన్ని ఆవులొచ్చాయేం?"

"నాకా? నా నోరు చూసి ఎవడూ ముందుకి రాలేదమ్మా. మా చిన్నాన్నే ఎదురు ఓ మేకనిస్తా, తీసుకుపొమ్మన్నాడు" అంది, బిందె తలమీదకి ఎత్తుకుంటూ.

ఆ దెబ్బకి సగం మంది ఆమె వైపు అయిపోయారు. నేను అవలేదు. నాకు కొత్తవాళ్ళు ఉత్సాహంగా ఉంటే భయం. ఉత్సాహం చల్లారాక ఆ చెత్తంతా ఊడ్చేది నాలాంటివాళ్ళే కదా.

వానాకాలం మధ్యలో, మాకది ఫిబ్రవరి, జిల్లా కేంద్రానికి శిక్షణకని పిలిచారు. చిన్నపిల్లలకు ఆటతో చదువు చెప్పాలట, గదిని మూలలుగా విడగొట్టి ఒక్కో మూలలో ఒక్కో ఆట పెట్టాలట. తివోంగె ఒక చుట్ట కాగితాలు పట్టుకుని తిరిగొచ్చింది. అందులో బొమ్మలు చూశాను. తెల్లటి గోడలు, రంగురంగుల బల్లలు, ప్లాస్టిక్ అరటిపళ్ళు, బల్ల చుట్టూ అయిదారుగురు పిల్లలు. మా హెడ్‌మాస్టరు మ్వాలె గారు వాటిని తిరగేసి మరగేసి చూశారు.

"ఆడుకోవడానికి బడెందుకు మేడం? ఇంటి దగ్గర ఊరికే ఆడుకుంటున్నారుగా" అన్నారు.

"ఇంటి దగ్గర ఆటలో వాళ్ళు ఎంత లెక్క చేస్తున్నారో చూశారా సార్? బడికొచ్చేసరికే అది మర్చిపోతున్నారు."

"మనకి బల్లలు లేవు."

"మట్టి ఉందిగా సార్."

మట్టి ఉంది నిజమే. ఆదివారం చర్చి అయ్యాక ఆమె తల్లుల్ని పోగేసింది. వాళ్ళు చెదపుట్టల మట్టి తట్టలకెత్తి తెచ్చి, తొక్కి, గది నాలుగు గోడల వెంబడీ అరుగులు పోశారు. చేతులు కుదురుగా ఉన్నవాళ్ళు అంచులు నున్నగా దిద్దారు. మా ఇళ్ళు ఎలా అలుక్కుంటామో ఆ గదినీ అలాగే అలికారు. కిటికీ కింద కొట్టు పెట్టింది: ఖాళీ ఉప్పు పొట్లాలు, సబ్బుల మీది కాగితాలు, సీసా మూతలు. కొట్టువాడు పొట్లం మీద మాట చదవగలిగితేనే సరుకివ్వాలి, కొనేవాడు మూతలు లెక్కపెట్టి ఇవ్వాలి. గుమ్మం దగ్గర ఇసక పోసి అక్షరాలు రాసుకునే చోటు చేసింది. ఇంకో పక్క పుల్లలతో అల్లిన చిన్న గాదె, అందులో రంగులు వేరుచేసే చిక్కుడు గింజలు. వెనక మూలలో పాత చాప అడ్డం కట్టి వంటిల్లు.

సామాను కోసం పిల్లలకు ఆమె చెప్పిన మాట నాకు గోడ మీంచి స్పష్టంగా వినబడింది. "మీ ఇంట్లో ఇప్పుడెవరూ వాడనిది ఏదైనా ఉంటే తీసుకురండి. వాడుకునేది తెచ్చారంటే మీ అమ్మచేత నన్ను తిట్టిస్తారు, జాగ్రత్త."

మర్నాటికి ఊళ్ళో చెత్తంతా మా బడికి చేరింది. అడుగు ఊడిన చేట, ఒంటి చెప్పు, లోపల ఏమీ లేని రేడియో, సైకిలు గంట, పగిలిన సొరకాయ గరిటె. ఒకడు వాళ్ళ తాతని తీసుకొచ్చాడు. ఆయన్నిప్పుడు ఇంట్లో ఎవరూ వాడట్లేదట. ముసలాయన నోరు తెరిచి నవ్వుతూ మామిడిచెట్టు కింద కూర్చుని, పిల్లలకు తాడు పేనడం చూపించి, మధ్యాహ్నం జావ తాగి మరీ వెళ్ళాడు.

వంద మందిని ఒకేసారి మూలల్లో వదిలితే కొంప కొల్లేరవుతుంది. అందుకని సగం మందిని చెట్టు కింద పాటకు కూర్చోబెట్టేది, మిగతా సగానికి మెడలో గుడ్డ పేలికలు కట్టేది. ఎరుపు పేలిక కొట్టుకి, నీలం పేలిక ఇసకకి, అలా. డబ్బా మోగితే పేలికలు మారాలి. వంటింట్లో ఉన్నవాళ్ళకు లెక్క ఇలా వచ్చేది: "ఇద్దరు మేనమామలొచ్చారు, ఒక అత్త వచ్చింది, ఇంట్లో ముగ్గురున్నారు. ఎన్ని పళ్ళేలు కావాలి? పళ్ళెం అందనివాడు అలిగి వెళ్ళిపోతాడు మరి." పళ్ళేలంటే డబ్బా మూతలు. మా మేనమామలు భోజనం దగ్గర అలిగితే ఎంత గొడవో పిల్లలకు బాగా తెలుసు, అందుకని ఆ లెక్క తప్పేవాళ్ళు కాదు. నా మూడో తరగతి పిల్లలు నేను బోర్డువైపు తిరగ్గానే గోడెక్కి అటు చూసేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

తండ్రులకూ మండింది. "ఇంట్లో ఎలాగూ బురద పిసుకుతోంది. బడికెళ్ళి కూడా అదే పిసకడానికి నేను సబ్బు కొని యూనిఫారం ఉతికించాలా?" అని ఒకాయన గుమ్మంలో నిలబడి అరిచాడు. తివోంగె ఆయన్ని లోపలికి పిలిచి కొట్టు ముందు నిలబెట్టింది. ఆయన కూతురు పొట్లం మీద 'ఉప్పు' అని వేలుపెట్టి చదివి తండ్రి చేతిలో పెట్టింది. ఆయనకు చదువు రాదు. పొట్లం అటూ ఇటూ తిప్పి చూసి, కూతురికి తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు.

జియోనె సంగతి అప్పుడు మొదలైంది.

జియోనెకి ఆరేళ్ళుంటాయి. తల్లి లెస్టినా. సరస్సు దగ్గరికి వెళ్ళి ఎండు చేపలు తెచ్చి మా సంతలో అమ్ముకునేది. మొగుడు వదిలేసి పోయాడు. పిల్లని తల్లి నాఫిరి దగ్గర వదిలి వారాల తరబడి చేపలకు తిరిగేది. ఆ ఏడు జనవరిలో, గాదెలు అడుగంటే ఆకలి నెలలో, లెస్టినా కాన్పుకని ఆస్పత్రికి వెళ్ళి బిడ్డతో సహా పోయింది. శవాన్ని తెచ్చేలోపే జియోనెని ఏటి అవతలి పల్లెకి పంపేశారు. అంతా ముగిశాక తీసుకొచ్చారు.

మా చేవాల్లో పిల్లల ముందు చావు మాట ఎత్తం. శ్మశానం చెట్లవైపు పిల్లాడు వేలు చూపిస్తే చేతిమీద ఒక్కటి వేస్తాం. పోయినవాళ్ళు ఎక్కడికో వెళ్ళారని చెబుతాం. పిల్ల పెద్దదయ్యేకొద్దీ అడగడం మానేస్తుంది, తనంతట తనే తెలుసుకుంటుంది. మమ్మల్నీ అలాగే పెంచారు. జియోనెకి చెప్పింది, అమ్మ సరస్సుకి చేపలకు వెళ్ళిందని. ఊరంతా అదే మాట చెప్పింది. నేనూ చెప్పాను.

ఆ పిల్ల బళ్ళో నోరు విప్పేది కాదు. తివోంగె మూలలు పెట్టిన రోజున తిన్నగా వంటింట్లోకి వెళ్ళి కూర్చుంది, ఇక కదల్లేదు. డబ్బా మోగినా, పేలిక మారినా అక్కడే. తడిమట్టి పిసికి న్సిమా, అదే మా మొక్కజొన్న సంకటి, ముద్ద చేసేది, ఆకులు తుంపి కూర చేసేది, అందరికీ వడ్డించేది. చివరి ముద్ద ఒక మూతలో పెట్టి మీద ఇంకో మూత బోర్లించి అరుగు కింద దాచేది. ఊరికెళ్ళినవాళ్ళకి ఇళ్ళల్లో అలాగే దాస్తాం.

"ఇవాళ కొట్టు దగ్గరికి వెళ్దామా జియోనె?"

"ఊఁహూఁ."

"ఎందుకమ్మా?"

"అమ్మ వచ్చే వేళకి చల్లారిపోతుంది."

గోడకి ఇవతల నేను ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఆ పూట ఏడో ఎక్కం ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయాను.

ఆ సాయంత్రం తివోంగె మా అరుగు మీదకొచ్చి, అడక్కుండానే నా చేటలోంచి వేరుశనక్కాయలు తీసి ఒలవడం మొదలుపెట్టింది.

"అక్కా, ఆ పిల్లకి ఎప్పుడు చెబుతారు?"

"చెప్పరు."

"ఎప్పటికీనా?"

"దానికే తెలుస్తుంది. మాకందరికీ అలాగే తెలిసింది."

ఒలుస్తూనే చెప్పింది. ఆమె తండ్రి చిన్నప్పుడే పోయాడట. జోహన్నెస్‌బర్గు గనుల్లోకి వెళ్ళాడని చెప్పారట. "మా ఊరికొచ్చే బస్సు ఆగిన ప్రతిసారీ పరిగెత్తేదాన్ని. మిగతా పిల్లల నాన్నలు దుప్పట్లు, పెట్టెలు మోసుకుని దిగేవాళ్ళు. మా నాన్న దిగేవాడు కాదు. మమ్మల్ని మర్చిపోయాడనుకున్నాను. అక్కడెవరినో కట్టుకున్నాడనుకున్నాను. ఎంత తిట్టుకున్నానో నీకు తెలీదక్కా. పెద్దయ్యాక నిజం తెలిసినప్పుడు ముందు ఏడవలేదు. మర్చిపోలేదన్నమాట, చచ్చిపోయాడన్నమాట అనుకున్నాను. అప్పుడు ఊపిరాడింది."

నాకు జాలేసింది. జాలేస్తే నాకు కోపమొస్తుంది. "అది మీ ఊరు, ఇది మా ఊరు. ఆ మాట చెప్పే హక్కు తల్లి తరఫువాళ్ళది. ముందు మేనతాత యోలాము ఒప్పుకోవాలి, తరవాత నాఫిరి చెప్పాలి. నువ్వు నోరు జారావంటే నిన్ను ఊరు దాటించి వస్తారు. నీ అరుగులూ పోతాయి, నీ మూలలూ పోతాయి."

"నేను చెప్పను. కానీ సరస్సు మాట కూడా చెప్పను. నా నోటికి రాదు."

ఆమె అన్నట్టే చేసింది. ఓ రోజు గోడ మీంచి విన్నాను.

"మేడం, సరస్సు చాలా దూరమా?"

"దూరమే."

"అమ్మ దారి మర్చిపోయిందా?"

జవాబు లేదు.

"నన్ను మర్చిపోయిందా?"

అడుగుల చప్పుడు, వెనక తలుపు చప్పుడు. నేను కిటికీలోంచి చూశాను. తివోంగె గది వెనక గోడకి నుదురు ఆనించి నిలబడి ఉంది. లోపల ఆ పిల్ల మట్టి పిసుకుతున్న చప్పుడు ఆగలేదు.

మా బడిలో మధ్యాహ్నం జావ తల్లులే వంతులవారీగా కాస్తారు. మార్చిలో, పచ్చి మొక్కజొన్న పొత్తులు వచ్చే రోజుల్లో, నాఫిరి వంతు వచ్చింది. నాఫిరి సరదా మనిషి. కూతురు పోయాక కూడా పిల్లల దగ్గర ఆ సరదా వదల్లేదు. మాలో అమ్మమ్మలు మనవరాళ్ళని సవతులంటారు, తాత మీద ఇద్దరికీ వాటా ఉందని. జావ దించి, మనవరాలికి కప్పు ఇవ్వడానికి ఒకటో తరగతిలోకి తొంగిచూసింది.

"ఏమే సవతీ, ఎక్కడున్నావే? మన మొగుడికి ఓ ముద్ద దాచావా లేక నువ్వే మింగేశావా?"

పిల్లలు గొల్లుమన్నారు. జియోనె కూడా కొంచెం నవ్వి చాప పక్కకి లాగింది. నాఫిరి వంగి చూసింది. పొయ్యిరాళ్ళ మీద చిన్న సత్తుగిన్నె ఉంది. ఒక పక్క సొట్ట, పిడి ఊడిపోతే తీగ చుట్టి ఉంది. అది లెస్టినాది.

మా దగ్గర చచ్చిపోయినవాళ్ళ వస్తువులు మూటకట్టి పక్కన పెడతాం. కొత్త పంట వచ్చాక, ఆ మొక్కజొన్నతో బీరు కాచి, పెద్దలొచ్చి ఇల్లు ఊడ్చి, ఇంటివాళ్ళకు తలలు గొరిగి, అప్పుడు ఆ మూట విప్పుతాం. గిన్నె చెల్లెలికి, బట్ట మేనత్తకి, అలా పంచుతాం. అప్పటిదాకా అవి పోయినవాళ్ళవే. వాటిలో ఎవరైనా తింటే దగ్గు పట్టుకుని చిక్కి శల్యమైపోతారని మా నమ్మకం. చిన్నపిల్లలు తింటే మరీను.

నాఫిరి గిన్నెలో మట్టి కుమ్మరించి, గిన్నెని నడుముకి కట్టుకున్న చిటెంజి బట్ట కొంగులో చుట్టుకుని, గుమ్మంలో కూలబడింది. జావ దగ్గరున్న ఆడవాళ్ళు వచ్చి చూశారు. మధ్యాహ్నం దాటకుండానే ఊళ్ళో ప్రతి తల్లీ బడికి పరిగెత్తుకొచ్చి, తన పిల్లల్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయింది. జావ ఎవరూ తాగకుండానే ఉండిపోయింది, ఈగలు ముసిరాయి. ఆ వారం పిల్లలకు దగ్గులున్నాయి. వానాకాలంలో దగ్గని పిల్లాడెవడు? కానీ ఆ మాట ఆ పూట ఎవరికి చెప్పగలం!

మర్నాడు ఒకటో తరగతికి జియోనె ఒక్కతే వచ్చింది. గిన్నె లేదు. డబ్బా మూతలు పెట్టుకుని కూర్చుంది. ఊరిపెద్ద చింఫెపో ఇంటి ముందు పంచాయితీ పెట్టి తివోంగెని పిలిపించారు. నేనూ వెళ్ళాను. తోటి టీచరునని వెళ్ళాను, ఇంకా చెప్పాలంటే, ఆమె ఒక్కతే మా వాళ్ళ నోళ్ళ ముందు నిలబడితే నాకు ముద్ద దిగేలా లేదు.

తివోంగె మోకాళ్ళ మీద కూర్చుని తలొంచుకుంది. నాఫిరి తమ్ముడు యోలాము, ఆ కుటుంబానికి పెద్ద, లేచి నిలబడి అన్నాడు. "ఈ ఉత్తరాది పిల్ల మా ఇంటి చావుని తీసుకొచ్చి ఊరి పిల్లలకి వడ్డించింది, పెద్దాయనా. ఇంతకన్నా నేనేం చెప్పను."

హెడ్‌మాస్టరు గబగబా అందుకున్నారు. "ఆ మూలలన్నీ ఇవాళే పీకించేస్తానండి. అరుగులతో సహా."

"మీరు కూర్చోండి సార్" అన్నాడు చింఫెపో. "అమ్మాయీ, నువ్వు చెప్పు."

"ఇంట్లో ఎవరూ వాడనిది తెమ్మన్నాను" అంది తివోంగె. "మిగతా ఇళ్ళల్లో విరిగినవి దొరికాయి. ఆ పిల్ల ఇంట్లో వెతికితే ఆ మూట దొరికింది. అమ్మ ఊళ్ళో లేదు కాబట్టి ఆ గిన్నె ఎవరూ వాడట్లేదనుకుంది. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది, దాని తప్పేం లేదు. ఈ ఊళ్ళో ఆ మాట అనకూడదని నాకు తెలిసుండాల్సింది. తప్పు నాది. జరిమానా ఇచ్చుకుంటాను."

తెల్లకోడి అన్నారు. సరేనంది. అంతటితో అయిపోతుందనుకున్నాను. అప్పుడు నాంకోమా లేచింది. మా ఊళ్ళో చావు తంతులన్నీ నడిపించే ముసలావిడ ఆవిడే.

"కోడి మీకు. పిల్లలకేది?" అంది. "ఆ గిన్నెలో తిన్నవాళ్ళందరూ మైలలో ఉన్నట్టే. మందునీళ్ళతో కడగాలి, ఇంటివాళ్ళతో పాటు తలలు గొరగాలి. లేకపోతే ఆ దగ్గు పోదు."

"వంద మందికా?" అన్నాడెవరో.

"గొరుగుదాం. పేలు పట్టాయని చెబుదాం పిల్లలకి" అన్నాడు వెనక నుంచి ఇంకొకడు. కొందరు నవ్వారు.

నాంకోమా నవ్వలేదు. "పేలకని గొరిగితే అది ఒట్టి క్షవరం. కత్తి పెట్టేముందు పోయిన మనిషి పేరు చెప్పాలి. ఫలానా మనిషి పోయింది, అందుకు గొరుగుతున్నాం అని చెప్పాలి. అలా చెబితేనే పనిచేస్తుంది. నాకు మా అమ్మమ్మ నేర్పింది అదే."

చెబితే చావు మాట పిల్లల ముందు ఎత్తినట్టు, చెప్పకపోతే పిల్లల్ని రోగానికి వదిలేసినట్టు. చింఫెపో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న నాఫిరి మాట్లాడింది. "మీ పిల్లల సంగతి తరవాత చూసుకోండి. నా ఇంట్లో పిల్ల సంగతి వినండి. సంతలో చేపలు కొని, అమ్మ పంపించిందే అని దానికి పెడుతున్నాను. అది తింటూ నన్నడుగుతోంది, 'నేనేం తప్పు చేశానమ్మమ్మా, చేపలు పంపి అమ్మ రావట్లేదు?' అని. ఏం చెప్పమంటారు? నా కూతురు చచ్చిపోయింది సరే. చచ్చిపోయినదాన్ని నేను రోజూ చెడ్డతల్లిని చేస్తున్నాను. ఇంక నావల్ల కాదు."

యోలాము మొహం అవతలికి తిప్పుకున్నాడు. చింఫెపో ఆయనవైపు చూశాడు. అది ఊరి నిర్ణయం కాదు, ఆ ఇంటి నిర్ణయం. యోలాము, "చెప్పు అక్కా" అన్నాడు. "నీకు తోచినట్టు చెప్పు."

"ఇంట్లో నాకు నోరు రాదు. అది ఆ మట్టి వంటింట్లోంచి కదలదు. అక్కడే చెబుతాను" అంది నాఫిరి, చిటెంజి బిగించుకుని లేచి.

బడికి తిరిగి రాగానే నా మూడో తరగతిని మైదానంలోకి తోలేసి, నేను నా గదిలోనే ఉండిపోయాను. ఆ గదిలోకి వెళ్ళే హక్కు నాకు లేదు, దూరంగా పోయే ధైర్యం కూడా లేదు. నాఫిరి వంగి చాప కింద నుంచి లోపలికి వెళ్ళడం, మోకాళ్ళు పటపటమనడం వినబడింది. తివోంగె గుమ్మం దగ్గర ఇసకలో కూర్చుంది.

"జియోనె."

ఈసారి సవతి అనలేదు.

"ఊఁ."

"మట్టి వదిలెయ్యి. ఇటు చూడు. అమ్మ సరస్సుకి వెళ్ళలేదు."

"మరి?"

"చచ్చిపోయింది. నీ తమ్ముణ్ణి కంటూ ఆస్పత్రిలో చచ్చిపోయింది. వాడు కూడా పోయాడు. ఇద్దర్నీ ఆ చెట్ల కింద పూడ్చిపెట్టాం. నేను, మీ తాతలు, ఊరంతా ఉన్నాం."

"చేపలో?"

"నేనే కొన్నాను."

నేను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నన్ను మర్చిపోలేదా?"

"లేదే తల్లీ. మర్చిపోలేదు. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు బండి మీంచి నీ పేరే పిలిచింది. నువ్వు నిద్రపోతున్నావు. చచ్చిపోయింది కాబట్టి రాలేదు, అంతే."

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. అది పిల్లల ఏడుపు కాదు. శవం ఇల్లు చేరినప్పుడు మా ఆడవాళ్ళు తీసే దీర్ఘం అది, గొంతు పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. ఆ పిల్లకి అదెవరు నేర్పారో నాకు తెలియదు. ఏటి అవతల ఉంచిన రోజుల్లో, గాలి ఇటునుంచి అటు వీచినప్పుడు వినే ఉంటుంది.

మా ఊళ్ళో ఆ దీర్ఘం వినబడితే ఎవరు, ఎందుకు అని అడగరు. పార వదిలేసి వస్తారు. జావ కాస్తున్నవాళ్ళు పొయ్యి ఆర్పి వచ్చారు. బోరింగు దగ్గరున్నవాళ్ళు బిందెలు అక్కడే దించి వచ్చారు. పొలంలో పిట్టల్ని తోలుతున్నవాళ్ళు వచ్చారు, ఇంటికెళ్ళి చేటలో పిండి పోసుకుని మరీ వచ్చారు, చావింటికి ఖాళీ చేతులతో రాకూడదని. లోపలికి తొంగిచూశాక వాళ్ళకి అర్థమైంది. ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు. నిన్న పిల్లల్ని ఈడ్చుకుపోయినవాళ్ళే, పిండి చేటలు కొట్టు అరుగు మీద పెట్టి, సీసా మూతలు పక్కకి జరిపి, ఆ నేలమీద కాళ్ళు బారచాపుకుని కూర్చున్నారు. లెస్టినా పోయిన రోజున ఎలా ఏడ్చారో అలా ఏడ్చారు. నాంకోమా పాట ఎత్తుకుంది. తివోంగెకి మా చావు పాటలు రావు. ఒక మూల కాళ్ళు చాపుకుని, మాటలు రాకపోయినా గొంతు కలిపి ఏడ్చింది. నేను ఇంక ఆగలేక లోపలికి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

ఆ ఏడ్పు మధ్యలోనే కొందరు తల్లులు లేచి వెళ్ళి తమ పిల్లల్ని తీసుకొచ్చారు. పంపించెయ్యమని ఎవరూ అనలేదు. కత్తి పెట్టేముందు చెప్పాల్సిన పేరు వాళ్ళూ విన్నారు. పిల్లలు భయపడి తల్లుల ఒళ్ళో దూరి, జియోనెని చూస్తూ కూర్చున్నారు.

తరవాత మగవాళ్ళు వచ్చారు. మగవాళ్ళు చావింట్లో బయటే కూర్చుంటారు, గోడ వెంబడి బారుగా కూర్చున్నారు. మాలో శోకంలో ఉన్న పెద్ద మనిషి దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి, ఎదురుగా గొంతుక్కూర్చుని, విచారం చెప్పి వెళ్ళాలి. ఆరేళ్ళ పిల్లకి అలా ఎవరైనా చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చింఫెపో గుమ్మంలో టోపీ తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఆయన నాఫిరి దగ్గర ఆగలేదు. వంటింటి ముందు, జియోనెకి ఎదురుగా, అరుగు పట్టుకుని మెల్లగా కిందికి కూర్చున్నాడు.

"వినడానికి వచ్చానమ్మా" అన్నాడు. చావింట్లో మేం పెద్దవాళ్ళకి అనే మాటే అది.

జియోనె అరచేత్తో ముక్కు తుడుచుకుంది. చేతికున్న మట్టి మొహానికంటింది.

"మా అమ్మ చచ్చిపోయింది తాతా."

"అవునమ్మా" అన్నాడు చింఫెపో. "చచ్చిపోయింది."

ఆయన లేచాక యోలాము వచ్చి కూర్చున్నాడు. ఆయనకీ చెప్పింది. ఆయన తరవాత హెడ్‌మాస్టరు వచ్చారు. ఆయనకీ చెప్పింది. బయట బారులో ఇంకా చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి ఆ పిల్ల ముందు కూర్చున్నారు, ప్రతి ఒక్కరికీ ఆ మాటే చెప్పింది. చివరివాడు లేచేదాకా మాలో ఎవరమూ కదల్లేదు.